గుర్రం ఇచ్చిన విరుగుడు

పాత కరీంనగర్ జిల్లా పల్లెల్లో పామును పేరుపెట్టి పిలవరు. పొద్దుగూకినంక అసలే పిలవరు. "పురుగు ముట్టింది" అంటే చాలు, విన్నవాళ్లు లేచి చెప్పులు వెతుక్కుంటారు. ఈ పురుగుల్లో ప్రాణం తీసేవి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. దేశమంతటా పాము కాటు చావుల్లో పెద్ద వాటా వీటిదే. జెర్రిపోతు, నీరుకట్టె, పసిరిక పాము లాంటివి ఎక్కువగా కంటపడతాయి, కాలికింద పడితే కరుస్తాయి, కానీ చంపవు. విషపు పాము కూడా కరిచిన ప్రతిసారీ విషం దించదు. ఇక్కడి పాము కాటు వైద్యాన్ని తరతరాలుగా నడిపించింది ఈ చిన్న సంగతే. కరిచినా బతికే అవకాశం ఎటూ కొంత ఉంది కనుక, ఆ పూట ఎవరు మంత్రం వేస్తే, ఎవరు పసరు పోస్తే, బతికించిన పేరు వాళ్లకు దక్కింది.

మూడు ఊళ్లలో పనులు వేరు, పాము ఎదురయ్యే తీరూ వేరు. జగిత్యాల, కోరుట్ల వైపు వరి, పసుపు, మామిడి. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నుంచి కాకతీయ కాలువ జగిత్యాల ప్రాంతం మీదుగానే కరీంనగర్ వైపు సాగుతుంది. నీళ్లతో వరి పెరిగింది, వరితో ఎలుక పెరిగింది, ఎలుక వెంట పాము వచ్చింది. బావుల కింద సాగుచేసే రైతుకు దశాబ్దాలపాటు రాత్రి కరెంటే దిక్కు. ఏ అర్ధరాత్రో కరెంటు వచ్చిందని లేచి, చేతిలో టార్చిలైటుతో, ఒడ్డు మీది గడ్డి తొక్కుకుంటూ మోటారు దగ్గరికి పోవాలి. ఆ చీకట్లో స్టార్టరు డబ్బా మూత తీయాలి; చలికాలంలో ఆ డబ్బా లోపలి వెచ్చదనం పాముకూ తెలుసు. 2018 జనవరి 1న సాగుకు 24 గంటల కరెంటు మొదలయ్యాక ఆ రాత్రి నడక తగ్గింది.

సిరిసిల్ల వైపు మెట్ట ఎక్కువ, గుట్టలూ రాళ్లూ ఎక్కువ. చిన్నపింజర ఇష్టపడేది అలాంటి చోటునే. బీడీలు చుట్టే పని మూడు ఊళ్లలోనూ ఉంది. దానికి కావలసిన తునికాకు ఎండాకాలం పొదల్లో చెయ్యి పెడితేగానీ రాదు. ఇక సిరిసిల్ల మగ్గాల పేటల్లో ఇరుకిళ్లు, నేల మీద పడక. కట్లపాము రాత్రిపూట ఎలుకనో మరో పామునో వెతుక్కుంటూ ఇంట్లోకి వస్తుంది, నిద్రలో మనిషి కదిలితే కరుస్తుంది. ఆ కాటుకు నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా సరిగా కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అని లేస్తారు, కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగుడు పడదు. గాలి సోకిందనో తిన్నది పడలేదనో అనుకుని గడిపే ఆ రెండు మూడు గంటల్లోనే ఊపిరి కండరాలు చచ్చుబడిపోతాయి.

విషాల్లో ఈ తేడాను శాస్త్రకారులు చాలా కాలం కిందటే గమనించారు. సుశ్రుత సంహిత కల్పస్థానం పాములను దర్వీకరాలు, మండలులు, రాజిమంతాలు అని విడదీసింది. పడగ ఉన్నవి, ఒంటిమీద మచ్చలున్నవి, చారలున్నవి అని అర్థం. నేటి లెక్కలో నాగుపాము, పింజరలు, కట్లపాములు. మొదటిది వాతాన్ని, రెండోది పిత్తాన్ని, మూడోది కఫాన్ని రెచ్చగొడుతుందన్నారు. దోషాల సిద్ధాంతాన్ని పక్కన పెట్టినా, కాటు లక్షణాలను చూసి పామును మూడు తెగలుగా పట్టుకోవడం మంచం పక్కన కూర్చుని చూసినవాళ్లు చేసిన పని. కాటుకు నాలుగు వేళ్ల వెడల్పు పైన కట్టు కట్టాలన్న మాట కూడా అందులోదే. ఆ కట్టు వేల ఏళ్లు బతికింది. తువ్వాలు, తాడు, సైకిల్ ట్యూబు, ఏది దొరికితే దానితో కాలు బిగించడం నేటికీ చూస్తాం. పింజర కాటుకు అలా బిగిస్తే విషమంతా ఒక్కచోట నిలిచి కండను కుళ్లబెడుతుంది; కట్టు విప్పిన క్షణాన ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. అందుకే కట్టు కట్టి తెచ్చిన రోగికి, విరుగుడు మందు సిద్ధం చేసుకున్నాకే దాన్ని విప్పాలని ఆసుపత్రుల్లో నియమం.

పల్లె వైద్యంలో పరీక్ష వేపాకుతో మొదలయ్యేది. నమిలిన ఆకు చేదు తెలియకపోతే విషం ఎక్కినట్టు, మిరపకాయ కారం తెలిస్తే భయం లేనట్టు. ఆ తర్వాత మంత్రం, పాము రాయి, బ్లేడుతో గాటు, ఈశ్వరి వేరు. ఈశ్వరి దేశమంతటా పాము విషానికి మందుగా పేరుపడ్డ తీగ. దానిలోని అరిస్టొలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను దెబ్బతీస్తుందని 1990లలో బెల్జియంలో అదే జాతి మొక్కల మందులు తిన్నవాళ్ల మీద తేలింది. రక్తపింజర విషం కూడా మూత్రపిండాల మీదే పడుతుంది. కాటేసిన పామూ పోసిన పసరూ ఒక్కచోటే దెబ్బకొట్టే సందర్భం అది.

ఈ మందులన్నిటి వెనకా ఉన్న ఆశ ఒక్కటే: ఒంటికి తనను తాను కాపాడుకునే బలం ఇవ్వడం. ఒంట్లో ఆ బలం నిజంగానే ఉంది. పరాయి ప్రొటీను లోపలికి వస్తే తెల్ల రక్తకణాలు దాన్ని గుర్తిస్తాయి, దానికి సరిగ్గా అతుక్కునే యాంటీబాడీలను తయారుచేయడం మొదలుపెడతాయి. చిక్కంతా గడువులో ఉంది. కొత్త ప్రొటీనుకు పనికొచ్చే మోతాదులో యాంటీబాడీలు తయారుకావడానికి వారమో అంతకన్నా ఎక్కువో పడుతుంది. కట్లపాము అంత గడువివ్వదు, ఒక్క రాత్రే దానికి చాలు. అందుకని ముందే తయారై ఉన్న యాంటీబాడీలను మరో ప్రాణి దగ్గర అరువు తేవాల్సి వచ్చింది. ఆ అరువు కథలో తెలుగు దేశానికి మొదట్లోనే చోటుంది.

ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1781లో విశాఖపట్నం చేరి, 1785 నుంచి ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేశాడు. కోరమాండల్ తీరపు పాముల మీద ఆయన బొమ్మల పుస్తకం 1796లో వెలువడింది. పాములకు శాస్త్రీయ నామాలు ఇంకా స్థిరపడని రోజులవి. ఆయన స్థానికులు పలికిన తెలుగు పేర్లనే విన్నట్టుగా ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. రక్తపింజరకు ఆయన విన్న పేరు కాటుక రేకుల పొడ. ఆ పాము ఒంటి మీది నల్ల అంచుల మచ్చలను చూసినవాళ్లకు ఆ పేరు పెట్టినవాళ్ల కన్ను ఎంత నిశితమో తెలుస్తుంది. పాముకు తర్వాత ఆయన పేరే వచ్చింది, కాటుక రేకులు పుస్తకంలో మిగిలాయి. నల్ల పసుపు పట్టీల కట్లపామును ఆయన బంగారు పాము అని రాసుకున్నాడు. ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త దోదాఁ 1803లో కట్లపాముల జాతి మొత్తానికి ఆ మాట మీదనే బంగారస్ అని పేరు పెట్టాడు.

ఈ మాట ఇంకా దూరం పోయింది. 1963లో తైవాన్‌లో చాంగ్, లీ అనే ఇద్దరు పరిశోధకులు అక్కడి కట్లపాము విషం నుంచి ఒక పదార్థాన్ని విడదీసి ఆల్ఫా బంగారోటాక్సిన్ అన్నారు. నరం నుంచి కండరానికి సందేశం అందే చోట ఉండే గ్రాహకాలకు అది అతుక్కుంటే ఇక ఊడదు. అంత గట్టిగా అతుక్కునేది కావడంతో ఆ గ్రాహకాలను లెక్కపెట్టడానికి, శుద్ధిచేయడానికి అదే సాధనమైంది. కనురెప్పలు వాలిపోయి, సాయంత్రానికి కండరాలు అలసిపోయే మయస్తీనియా గ్రావిస్ అనే జబ్బులో ఆ గ్రాహకాలు తగ్గిపోతాయని 1973లో తేలింది ఈ విషం సాయంతోనే. శుద్ధిచేసిన గ్రాహకాలను కుందేళ్లకు ఎక్కిస్తే వాటికీ అదే జబ్బు రావడం ఆ ఏడే చూశారు. రోగి తన రోగనిరోధక వ్యవస్థ చేతిలోనే దెబ్బతింటున్నాడని దానితో స్పష్టమైంది. కట్లపాము కరిచిన మనిషి ముఖమూ మయస్తీనియా రోగి ముఖమూ ఒకేలా ఉండటం ఉత్త పోలిక కాదు. ఒకచోట పాము విషం, మరోచోట సొంత యాంటీబాడీలు, తాళం వేసేది ఒకే తలుపుకు.

పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఇంగ్లీషువాళ్లు పాము కాటును అంకెల్లోకి తెచ్చారు. కలకత్తాలో జోసెఫ్ ఫేరర్ 1869 నివేదికల నుంచి 11,416 చావులు లెక్కతేల్చి, 1872లో భారతదేశపు విషసర్పాల మీద పెద్ద గ్రంథం వేశాడు. అప్పట్లో వాడుకలో ఉన్న విరుగుళ్లను జంతువుల మీద వరసగా పరీక్షిస్తే ఏదీ నిలబడలేదు. కొత్త దారి 1887లో అమెరికాలో దొరికింది. హెన్రీ సూయెల్ పావురాలకు గిలకపాము విషాన్ని చిన్న చిన్న మోతాదుల్లో ఇస్తూ పోయాడు. చివరికి మామూలు పావురాన్ని చంపే మోతాదుకన్నా చాలా ఎక్కువ ఇచ్చినా అవి తట్టుకున్నాయి. 1890లో బేరింగ్, కిటసాటో అనే శాస్త్రవేత్తలు డిఫ్తీరియా, ధనుర్వాతాల విషాలకు అలవాటుపడ్డ జంతువు సీరంలోనే రక్షణ ఉందనీ, దాన్ని మరో జంతువుకు ఎక్కించవచ్చనీ చూపించారు. నాలుగేళ్లకు, 1894 ఫిబ్రవరి 10న, పారిస్‌లో ఒకే సభలో ఫిసాలిక్స్, బెర్ట్రాండ్‌ల జంట ఒకవైపు, అల్బేర్ కాల్మెత్ ఒకవైపు, పాము విషానికి కూడా ఇది పనిచేస్తుందని ప్రకటించారు. కాల్మెత్ సైగాన్‌లో పనిచేస్తుండగా వరదలకు నాగుపాములు ఇళ్లలోకి చేరి మనుషులను కరిచిన ఘటన నుంచి ఆయన ఈ పనిలోకి దిగాడు.

తన నాగుపాము సీరం అన్ని పాములకూ పనిచేస్తుందని కాల్మెత్ నమ్మాడు. ఆ నమ్మకాన్ని పడగొట్టినవాళ్లలో భారతదేశంలో పనిచేసిన జార్జ్ లాంబ్ ఒకడు. నాగుపాము సీరం రక్తపింజర విషాన్ని ఆపదని ఇరవయ్యో శతాబ్దం మొదటి ఏళ్లలో ఆయన చూపించాడు. యాంటీబాడీ ఆకారాన్ని గుర్తుపట్టి అతుక్కుంటుంది; ఆకారం మారితే వదిలేస్తుంది. దర్వీకరం వేరు, మండలి వేరు అన్న పాత మాటకు ఈసారి రుజువు ప్రయోగశాలలో దొరికింది. దీని ఫలితంగానే నాలుగు పాముల విషాలనూ కలిపి ఒకే మందు చేసే పద్ధతి మన దేశంలో స్థిరపడింది.

1905 ఈ కథలో విచిత్రమైన ఏడు. హిమాలయాల కింద కసౌలిలో సెంట్రల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. విరుగుడు సీరం తయారీలో అది దేశంలో ముందు నడిచిన సంస్థ. నిజాం రాజ్యంలో ఎలగందుల జిల్లా పేరు కరీంనగర్‌గా మారింది. జగిత్యాల, సిరిసిల్ల దానిలో తాలూకాలు. వియన్నాలో ఫాన్ పిర్కే, షిక్ అనే ఇద్దరు పిల్లల వైద్యులు గుర్రం సీరం ఎక్కించిన పిల్లలకు వారం పదిరోజుల తర్వాత జ్వరం, దద్దుర్లు, కీళ్ల నొప్పులు రావడాన్ని వివరించి, సీరం సిక్‌నెస్ అని పేరుపెట్టారు. మందు తయారైన చోటు, అది చేరాల్సిన చోటు, అది తెచ్చే తిప్పలు, మూడూ ఒకే ఏట నమోదయ్యాయి. మూడూ కలుసుకోవడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది.

మందుకన్నా ముందు ఇక్కడి మనుషులే దాని దగ్గరికి పోయారు. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని కరీంనగర్ వలసలకు ఒక మాట ఉంది. అందులో మొదటిది నేతవాళ్ల దారి. బొంబాయి మిల్లుల నడుమ, పరేల్‌లోని పాత గవర్నరు బంగళాలో 1899 నుంచి ప్లేగు పరిశోధనశాల నడిచేది. 1925లో అది హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూట్ అయింది, పాము విషం విరుగుడుకు దేశమంతటా పేరు తెచ్చుకుంది. మిల్లు కూత విని పనికిపోయిన నేత కార్మికులు ఆ ప్రహరీ పక్కగానే నడిచారు. వాళ్లు వదిలివచ్చిన ఊళ్లలో మాత్రం కాటుకు మంత్రమే మందు.

తయారీ పద్ధతి నూరేళ్లుగా మూలంలో మారలేదు. ఆరోగ్యమైన గుర్రానికి నాలుగు పాముల విషాన్నీ హాని చేయనంత కొద్దిగా ఎక్కిస్తారు, వారాల తరబడి మోతాదు పెంచుతారు. గుర్రం రోగనిరోధక వ్యవస్థ ఆ విషాలకు యాంటీబాడీలు తయారుచేస్తుంది. అప్పుడు కొంత రక్తం తీసి, ప్లాస్మా వేరుచేసి, ఎర్ర కణాలను తిరిగి గుర్రానికే ఎక్కిస్తారు. ప్లాస్మాలోని యాంటీబాడీలను పెప్సిన్‌తో కోసి, విషాన్ని పట్టే కొసలను ఉంచి, మనిషి ఒంటిని రెచ్చగొట్టే తోక భాగాన్ని తీసేస్తారు. ఎంత శుద్ధిచేసినా అది గుర్రం ప్రొటీనే. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న విన్స్ బయోప్రొడక్ట్స్ నేడు ఈ మందు చేసే కొద్ది సంస్థల్లో ఒకటి. విషం మాత్రం చాలావరకు తమిళనాడు నుంచి వస్తుంది. తోళ్ల వ్యాపారం మూతపడ్డాక పాములు పట్టే ఇరుళుల కోసం 1978లో చెన్నై దగ్గర ఏర్పడ్డ సహకార సంఘం పాములను పట్టి, విషం పిండి, తిరిగి వదిలేస్తుంది.

విషం రోగనిరోధక వ్యవస్థను ఏంచేస్తుందన్న ప్రశ్నకు జవాబులు కూడా లాంబ్ పనిచేసిన రోజుల్లోనే మొదలయ్యాయి. రక్తంలో సూక్ష్మజీవులను చంపే ప్రొటీన్ల వరస ఒకటి ఉంది. కాంప్లిమెంట్ వ్యవస్థ అంటారు. ఒకటి రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని మేల్కొలుపుతూ పోతాయి. నాగుపాము విషం కలిపిన సీరానికి సూక్ష్మజీవులను చంపే శక్తి పోతుందని ఫ్లెక్స్‌నర్, నొగుచి అనే పరిశోధకులు ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలోనే గమనించారు. కారణం చాలా తర్వాత తెలిసింది. నాగుపాము విషంలోని ఒక ప్రొటీను, పాము సొంత కాంప్లిమెంట్ ప్రొటీను నుంచే పరిణామంలో పుట్టింది. మన ఒంట్లోని స్విచ్చులాంటి ప్రొటీనును అనుకరించి అది వరసను ఆన్ చేస్తుంది. దాన్ని ఆపే కాపలా ప్రొటీన్లకు ఇది దొరకదు. నిల్వలన్నీ తగలబడిపోయేదాకా వరస నడుస్తూనే ఉంటుంది. కాంప్లిమెంట్ లేకపోతే ఏమవుతుందో చూడదలచిన ప్రయోగశాలలు నేటికీ జంతువులకు ఈ ప్రొటీనునే ఇస్తాయి.

పింజరల దారి వేరు. వాటి విషంలోని ఫాస్ఫోలైపేజులు కణాల పొరలను కోస్తాయి, ఆ ముక్కల నుంచి వాపునూ నొప్పినీ పుట్టించే రసాయనాలు తయారవుతాయి. మెటలోప్రొటీనేజులు రక్తనాళాల గోడలను చీలుస్తాయి. చచ్చిన కణాల చెత్తను చూసి తెల్ల కణాలు గుంపుగా వచ్చిపడతాయి. కాటు పడిన కాలు గంటల్లో స్తంభంలా ఉబ్బడంలో విషం చేసినదెంతో, దాని మీదికి ఉరికిన సొంత సైన్యం చేసినదీ అంతే ఉంటుంది. రక్తపింజర విషం రక్తం గడ్డకట్టే పదార్థాలను వరసగా రెచ్చగొట్టి ఖర్చుపెట్టేస్తుంది కనుక చివరికి గడ్డకట్టడానికి ఏమీ మిగలదు. చిగుళ్ల నుంచి, పాత గాయాల నుంచి రక్తం కారుతుంది. ఈ గుణాన్ని వైద్యులు వదల్లేదు. లండన్‌లో మాక్ఫార్లేన్, బార్నెట్ 1934లో హీమోఫీలియా రోగుల గాయాలకు ఈ విషాన్నే పలచన చేసి పూశారు. పదే పదే గర్భస్రావాలయ్యే స్త్రీలలో రక్తం గడ్డకట్టించే సొంత యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే పరీక్షలో ఈ రోజుకీ రక్తపింజర విషమే వాడతారు.

ఒళ్లు పూర్తిగా ఓడిపోయే పక్షం మాత్రం కాదు. చర్మంలో, రక్తనాళాల పక్కన ఉండే మాస్ట్ కణాలు అలర్జీకి కారణమని చెడ్డపేరు మోసినవి. అవి విడుదలచేసే ఒక ఎంజైము కొన్ని పాముల విషాలను ముక్కలు చేస్తుందని 2006లో ఎలుకల మీద తేలింది. అలర్జీ యాంటీబాడీ అయిన ఐజీఈ కూడా రక్తపింజర విషం నుంచి ఎలుకలకు కొంత రక్షణ ఇస్తుందని 2016లో మరో పరిశోధన చూపించింది. దద్దుర్లు, తుమ్ములు, ఉబ్బసం పుట్టించే ఈ యంత్రాంగం అసలు విషాలను ఎదుర్కోవడానికే పుట్టిందేమోనన్న పాత ఊహకు ఇది బలమిచ్చింది. ఆ యంత్రాంగం గాడితప్పితే ఏమవుతుందో ఫ్రెంచి శాస్త్రవేత్త రిషే 1902లోనే చూశాడు. సముద్రపు పువ్వుజీవి విషాన్ని ఒకసారి తట్టుకున్న కుక్కకు, వారాల తర్వాత అతి కొద్దిగా ఇస్తే నిమిషాల్లో చచ్చిపోయింది. రక్షణకు తలకిందుల స్థితి అనే అర్థంలో దానికి అనఫిలాక్సిస్ అని పేరుపెట్టాడు. 1913లో నోబెల్ వచ్చింది.

ఆ కుక్క కథ ఇక్కడి ఆసుపత్రుల్లో మరో రూపంలో ఎదురైంది. విరుగుడు ఎక్కించిన కొద్ది నిమిషాల్లో దురద, దద్దుర్లు, వాంతి, ఊపిరాడకపోవడం, బీపీ పడిపోవడం రావచ్చు. రోగి ఒళ్లు గుర్రం ప్రొటీనును పరాయిదిగా చూసి తిరగబడటం ఇది. మందులోని మలినాలు, ఎక్కించే వేగం కూడా తోడవుతాయి. శ్రీలంకలో 1,007 మంది రోగులతో చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో నలుగురిలో ముగ్గురికి ఏదో ఒక రియాక్షన్ వచ్చింది. బంధువులు చూసేది ఒకటే: పాము కరిచినా కూర్చుని మాట్లాడిన మనిషి, ఇంజక్షన్ పెట్టగానే వణికిపోయాడు. "ఇంజక్షన్ పడలే" అన్న మాట అక్కడ పుడుతుంది. ఊళ్లో పసరు మీద నమ్మకం తిరిగి లేచేదీ అక్కడే. చిన్న ఆసుపత్రుల్లో పనిచేసే వైద్యులకూ ఆ భయం అంటుకుంది. "పెద్ద దవాఖానకు తీసుకపోండ్రి" అనడం ఒక ఆచారంగా మారింది. కోరుట్ల నుంచి జగిత్యాల సుమారు 25 కిలోమీటర్లు, జగిత్యాల నుంచి కరీంనగర్ సుమారు 50, సిరిసిల్ల నుంచి కరీంనగర్ సుమారు 40. ఆ దారుల మీద కట్లపాము గెలిచిన రాత్రులకు లెక్కలేదు.

పూర్వం ముందుగా చర్మం కింద ఒక చుక్క వేసి చూసేవాళ్లు. ఆ పరీక్ష ఎవరికి రియాక్షన్ వస్తుందో చెప్పలేకపోవడమే గాక కాలం తినేది. 2009లో వచ్చిన జాతీయ మార్గదర్శకాలు దాన్ని మానేయమన్నాయి. రియాక్షన్ వస్తే మందు ఆపి, తొడ కండరంలో అడ్రినలిన్ ఇచ్చి, నెమ్మదించాక తిరిగి ఎక్కించాలి. శ్రీలంక అధ్యయనంలో ముందే కొద్దిగా అడ్రినలిన్ ఇచ్చినప్పుడు మొదటి గంటలో తీవ్రమైన రియాక్షన్లు 43 శాతం తగ్గాయి. చవకైన ఈ మందు చేతిలో ఉండి, దాన్ని వాడే ధైర్యం ఉంటే, గుర్రం ప్రొటీనుకు భయపడాల్సిన పని చాలావరకు తీరుతుంది.

వార్డులో మొదటి పరీక్షకు యంత్రం అక్కరలేదు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి, కదపకుండా నిలబెట్టి, గడియారం చూస్తారు. 20 నిమిషాలకు ఒక్కసారి వంచుతారు. ముద్దగా నిలిస్తే సరే. నీళ్లలా జారితే పింజర విషం పనిచేస్తున్నట్టు. సబ్బుపొడితో కడిగిన గొట్టమైతే పరీక్ష అబద్ధం చెబుతుంది, ప్లాస్టిక్ గొట్టమైనా అంతే. విరుగుడు సీసాలో తెల్లని పొడి ఉంటుంది, ఎండబెట్టినది కనుక ఫ్రిజ్ లేకున్నా నిల్వ ఉంటుంది. 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి చేతుల మధ్య మెల్లగా తిప్పాలి. తొందరపడి గిలకొడితే నురగ కడుతుంది. ఒక్కో సీసా 6 మిల్లీగ్రాముల నాగుపాము లేదా రక్తపింజర విషాన్ని, 4.5 మిల్లీగ్రాముల కట్లపాము లేదా చిన్నపింజర విషాన్ని కట్టడి చేస్తుంది. రక్తపింజర ఒక కాటులో సగటున 63 మిల్లీగ్రాములు దించుతుందన్న లెక్క మీద మొదటి మోతాదు 8 నుంచి 10 సీసాలుగా స్థిరపడింది. పసిపిల్లకైనా అంతే మోతాదు. పిల్ల చిన్నదని పాము విషం తగ్గించి దించదు కదా. కరిచింది ఎద్దునైనా, బర్రెనైనా పశువైద్యులు వాడేదీ ఈ మందే.

2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సులు దూరాన్ని తగ్గించాయి. 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వెంటిలేటరు కోసం కరీంనగర్ దాకా పోవాల్సిన అవసరం తగ్గే దారి ఇది. దేశం మొత్తమ్మీద 2000 నుంచి 2019 దాకా ఏటా సగటున 58,000 మంది పాము కాటుతో చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం లెక్కకట్టింది. 70 ఏళ్లు నిండేలోపు పాము కాటుతో పోయే అవకాశం భారతీయుల్లో 250 మందిలో ఒకరికి. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో తెలంగాణ కలిసి ఉన్న నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చావుల్లో సగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యే. శ్రావణంలో ఇక్కడి ఆడవాళ్లు పుట్టలో పాలు పోసే నాగపంచమి సరిగ్గా ఆ నెలల్లోనే పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాము కాటును నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. 2030 నాటికి చావులను సగానికి తేవాలని కేంద్రం 2024లో జాతీయ ప్రణాళిక ప్రకటించింది.

అరువు మందుకు ఒక కొరత లాంబ్ నాటి నుంచీ వెంటాడుతోంది. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. తమిళనాడు పాముల విషంతో చేసిన మందు దూరప్రాంతాల పాములకు అంతగా పనిచేయడం లేదని బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో కార్తీక్ సునాగర్ బృందం చూపించింది. అదే బృందం అమెరికన్ పరిశోధకులతో కలిసి 2024లో, గుర్రం ప్రమేయం లేకుండా ప్రయోగశాలలో రూపొందించిన మానవ యాంటీబాడీ ఒకటి నాగుపాము, కట్లపాము జాతుల్లోని ఒక ముఖ్యమైన విషాన్ని ఎలుకల్లో ఆపగలదని ప్రకటించింది. 2025లో మరో వార్త. టిమ్ ఫ్రీడ్ అనే అమెరికన్ ఏళ్ల తరబడి రకరకాల పాము విషాలను తన ఒంటికి తానే ఎక్కించుకున్నాడు. అతని రక్తం నుంచి తీసిన రెండు యాంటీబాడీలకు ఒక రసాయన మందు జతచేస్తే చాలా జాతుల విషాల నుంచి ఎలుకలు బయటపడ్డాయి. సూయెల్ పావురాలకు చేసినదే అతను తనకు చేసుకున్నాడు. ఎవరూ చేయకూడని పని అది. ఇవేవీ ఇంకా ఆసుపత్రి సీసాలోకి రాలేదు.

ఆసుపత్రి నుంచి ఇల్లు చేరిన మనిషికి వారం, పది రోజుల తర్వాత జ్వరం, ఒళ్లంతా దురద, మోకాళ్ల నొప్పులు మొదలైతే విషం తిరగబెట్టిందని కంగారుపడతారు. పిర్కే, షిక్ వియన్నా పిల్లల్లో చూసినదే ఇది. రోగి ఒళ్లు గుర్రం ప్రొటీనుకు యాంటీబాడీలు తయారుచేసుకుంది, రెండూ కలిసిన ముద్దలు కీళ్లలో, చర్మంలో చేరాయి. కొద్ది రోజుల మాత్రలతో తగ్గిపోతుంది. అరువు తెచ్చిన యాంటీబాడీలు కొన్ని వారాల్లో ఒంట్లో కరిగిపోతాయి. ఒక కాటు మిగిల్చిన సొంత యాంటీబాడీలు మరో కాటును ఆపేంత ఉండవు. కనుక ఏళ్ల తర్వాత మళ్లీ పాము కరిస్తే ఆ మనిషి కొత్తవాడి కిందే లెక్క. గుర్రం జ్ఞాపకం మాత్రం ఆ ఒంట్లో మిగిలి ఉండొచ్చు, మందు తగలగానే తిరగబడవచ్చు. అందుకే స్ట్రెచర్ మీద పడుకోబెట్టగానే, పాము ఎట్లుంది అన్న ప్రశ్నతోపాటు మరో ప్రశ్న అడుగుతారు: "ఇంతకుముందు ఎప్పుడన్న ఈ ఇంజక్షన్ తీసుకున్నరా?"